ఉప్పు చెప్పిన సాక్ష్యం

గీతల యంత్రం నడుస్తున్నంతసేపు ఆ నేలమాళిగలోకి ఎవరూ అడుగు పెట్టకూడదు. అది కోర్బి మేస్త్రీ పెట్టిన కట్టడి. మనిషి ఒంటి వేడి తగిలితే చాలు, ఇనుము కంటికి కనిపించనంత సాగుతుంది, పలక పాడవుతుంది. అద్దంలా మెరిసే లోహపు పలక మీద వజ్రపు మొన ఒక్కో గీతా గీసుకుంటూ వారం రోజులు ఆగకుండా పోతుంది. ఒక్క మిల్లీమీటరు వెడల్పులో ఆరువందల గీతలు. ఒకసారి బిషప్ గారు ఆ వింత చూడాలని వస్తే ఆయన్నీ మెట్ల మీదే నిలబెట్టాడు మేస్త్రీ. "స్వామీ, మీ ఒంట్లో కూడా వేడి ఉంటుంది కదా" అన్నాడట. ఊళ్ళో వాళ్ళు ఆ మాట పదేళ్ళు చెప్పుకుని నవ్వారు.

అతని అసలు పేరు కోర్బీనియన్. యాభై ఎనిమిదేళ్ళవాడు, పెళ్ళాం పోయింది, పిల్లల్లేరు. మ్యూనిక్‌కి దక్షిణాన కొండల కింద ఉన్న ఆ చిన్న ఊళ్ళో అతనికి యంత్రమే సంసారం. అతని పలక మీద వెలుగు పడితే ఒక్కో గీతా తన వంతు వెలుగును తిప్పి పంపుతుంది. వేల గీతల నుంచి వచ్చిన వెలుగులు ఎక్కడ అడుగు కలుపుతాయో అక్కడ రంగు కనిపిస్తుంది, కలపని చోట చీకటి. ఏ రంగు అడుగు దానిదే గనుక ఏ రంగు చోటు దానిదే. ఉప్పును మంటలో కాలిస్తే పసుపు గీత, ఎలుకల మందులో ఉండే థాలియాన్ని కాలిస్తే ఆకుపచ్చ గీత. ఎక్కడ కాల్చినా, ఎవరు కాల్చినా అదే చోట. వెలుగు అబద్ధమాడదని ఆ వృత్తిలో వాళ్ళంతా నమ్ముతారు. వెలుగు ఆడదు, నిజమే. పలక ఆడుతుంది. ఆ సంగతి వాళ్ళకూ తెలుసు, కానీ తమ పలక ఆడదని ప్రతివాడి ధీమా.

గీతల మధ్య ఎడం ఎక్కడన్నా పదేపదే తప్పితే, ఉన్న గీతకు పక్కన లేని గీత ఒకటి మసకగా పుడుతుంది. దాన్ని వాళ్ళు దయ్యం అంటారు. ప్రతి పలకనూ అమ్మేముందు దయ్యాల కోసం వెతకడం కోర్బి పనే. పెద్ద గీతకు అటూ ఇటూ దగ్గరలో చూస్తాడు. ఏమీ లేకపోతే వెనకవైపు తన ముద్ర కొడతాడు. దయ్యం పట్టినవాణ్ణి వదిలి దూరం పోదని అతనికి పని నేర్పిన ముసలాయన చెప్పేవాడు. నలభై ఏళ్ళుగా కోర్బి దూరంగా చూడలేదు.

ఆ పలకలు తుడిచే నారగుడ్డలు ఉతికేది జెన్సి. సబ్బు వాసన కూడా మిగలకుండా ఏడు నీళ్ళలో జాడించాలి. సబ్బు మరక ఒక్కటి మిగిలినా పలక గోవిందా. ఇరవై ఏళ్ళలో ఆమె గుడ్డ మీద ఒక్క మచ్చ చూడలేదు కోర్బి. "ఎనిమిదో నీళ్ళు కూడా పెట్టనా మేస్త్రీ, పెళ్ళికూతురి ముసుగా ఇది?" అని వేళాకోళమాడేది. ఆమె మొగుడు కట్టెల కోతమిల్లులో పనివాడు. కడుపునొప్పి అంటూ రెండు నెలలు మంచాన పడి, ఆ వసంతంలో పోయాడు. నోళ్ళు ఊరుకుంటాయా? జెన్సి ఎలుకల మందు కొన్నదనీ, డబ్బా సగం ఖాళీ అయిందనీ గుసగుసలు లేచాయి. పోలీసులు శవాన్ని తవ్వి తీయించారు. కాలేయంలో ముక్కను కాల్చి బూడిద చేసి పరీక్షించినవాడు డాక్టర్ ఒట్మార్ ప్రెల్. వెలుగును రంగులుగా విడదీసే అతని పరికరంలో ఉన్నది కోర్బి గీసిన రెండువందల పద్నాలుగో పలక.

ఆకుపచ్చ గీత కనిపించింది.

మందు డబ్బా వాడుతుంటే చూశానని జెన్సి సొంత కూతురు ఆఫ్రా బోనులో ఒట్టేసి చెప్పింది. మిగతాది గీత చెప్పింది. సెప్టెంబరులో మరణశిక్ష వేశారు. ఆ సాయంత్రం సారాయి ఇంట్లో కోర్బి బల్ల చుట్టూ జనం మూగారు.

"పాపం ఎక్కడ దాక్కున్నా మేస్త్రీ పలక ముందు తల వంచాల్సిందేరా" అన్నాడు కసాయివాడు, బీరు గ్లాసు ఎత్తి.

"ఇంకేం, రేపటి నుంచి మన భార్యలందరూ ఈయనకు దండం పెట్టి గానీ వంట చెయ్యరు!" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు.

కోర్బి నవ్వలేదు. జెన్సి చేతులు గుర్తొచ్చాయి అతనికి. కానీ పేపర్లో తన ఊరి పలకను పొగిడిన ముక్క కత్తిరించి సొరుగులో దాచుకున్నాడు. మనిషి అన్నాక గర్వం ఉంటుంది, దాచుకుంటే దాగేది కాదు.

నవంబరు రెండో తారీకు, చనిపోయినవాళ్ళ పండుగ. ఊరంతా శ్మశానంలో దీపాలు పెడుతోంది. కోర్బి పనిగదిలో ఒక్కడే ఉన్నాడు. రెండువందల పదిహేనో పలక మూల చిట్లడంతో అమ్ముడుపోలేదు, దాన్ని బడిపంతులు పిల్లలకు చూపించడానికి అడిగాడు. ఒక చెక్కపెట్టెకు వెలుగు లోపలికి వచ్చేలా సన్న చీలిక చేసి, లోపల పలక బిగించి, స్పిరిట్ దీపం వెలిగించి, ప్లాటినం తీగెతో చిటికెడు ఉప్పు మంటలో పెట్టాడు. మామూలుగా అయితే కళ్ళు చెదరగొట్టే ఆ పసుపు గీతను ఒక రేకుముక్కతో మూసేసి మిగతా రంగులు చూస్తారు. అందరిదీ అదే అలవాటు, ప్రెల్‌దీ అదే. పిల్లలకు పసుపే గదా సరదా అని కోర్బి ఆ రోజు రేకు పెట్టలేదు.

పసుపు గీత భగ్గుమంది. దానికి చాలా దూరంగా, ఆకుపచ్చలో, సన్నగా ఇంకో గీత లేచింది.

కొలత చూశాడు. కోర్టులో ప్రెల్ చెప్పగా పేపర్లో అచ్చయిన అంకె పక్కనే పడింది. తీగె తీశాడు. పసుపు పోయింది, ఆకుపచ్చా పోయింది. ఇంకొంచెం ఉప్పు పెట్టాడు. పసుపు పెరిగింది, ఆకుపచ్చా పెరిగింది. నీడ మనిషితో లేచినట్టు అది దాంతో లేస్తోంది, దాంతోనే పడుతోంది. తీగె తోమి తోమి కడిగి, కొత్త పొట్లం విప్పి మళ్ళీ పెట్టాడు. మళ్ళీ వచ్చింది.

పలకను పెద్ద పరికరంలోకి మార్చి చూశాడు. ఉప్పు పసుపు నిజానికి ఒక గీత కాదు, అంటుకుని ఉండే కవల గీతలు. థాలియం ఆకుపచ్చ ఒంటి గీత. ఇప్పుడు కనిపిస్తున్న ఆకుపచ్చ రెండుగా చీలి ఉంది. కన్నవాళ్ళ పోలిక ఎక్కడికి పోతుంది? అది ఉప్పు బిడ్డే.

ఎందుకు పుట్టిందో వెతుక్కోవాల్సిన పని లేదు. మూడేళ్ళ కిందట యంత్రం తుడుస్తూ పానా జారవిడిచాడు కోర్బి. పదకొండు పళ్ళ చిన్న చక్రంలో ఒక పన్ను విరిగింది. గీతకు ఒక పన్ను తిరుగుతుంది అది. కొత్త చక్రం చేయిస్తే నెలలు యంత్రం ఆగుతుంది, పానా జారిందని పదిమందికీ తెలుస్తుంది. తనే పన్ను అతికించి, ఆకురాయితో రాసి, సరిపోయిందనుకున్నాడు. దగ్గరలో దయ్యాలు లేవు, ముద్ర కొట్టాడు. ప్రతి పదకొండో గీతా వెంట్రుకలో వందో వంతు పక్కకు పడింది. ప్రెల్ దగ్గరున్న పలకా, ఈ పలకా ఆ నెలలోనే గీసినవి. తర్వాత మనసొప్పక పళ్ళు అరిగాయని చెప్పి చక్రం మార్పించేశాడు. మార్చాడే గానీ అమ్మిన పలకను వెనక్కి పిలవలేదు.

మర్నాడు కార్ఖానా యజమానికి చెప్పాడు.

"పానా జారిందని మూడేళ్ళ తర్వాత చెప్తున్నావా?" అన్నాడు యజమాని. తర్వాత తలుపు వేసి గొంతు తగ్గించాడు. "చూడు కోర్బి, మన పలకలు ఏడు దేశాలకు పోతాయి. ఒక్కదానికి దయ్యం ఉందంటే అన్నిటికీ ఉన్నట్టే. క్షమాభిక్ష దరఖాస్తు పైకి వెళ్ళింది. ఈ రోజుల్లో ఆడదాని మెడ ఎవరు కోస్తారయ్యా? యావజ్జీవం చేస్తారు. అప్పుడు నెమ్మదిగా చెబుదాం. కొన్నాళ్ళు ఆగు."

కోర్బి ఆగాడు. యజమాని ఆపాడని అనడం అన్యాయం. ఆపమని లోపల తనే బతిమాలుకుంటున్నాడు, అడిగిన మాట బయటినుంచి వినిపించింది, అంతే. రోజూ పొద్దున్న ఇవాళ వెళ్దాం అనుకునేవాడు. రోజూ సాయంత్రం ఇవాళ కబురొస్తుందేమో అనుకునేవాడు. అన్నం సహించలేదు. ఉప్పు గిన్నెను అలమరలోకి నెట్టేశాడు. అలా పదహారు రోజులు గడిచాయి.

పదిహేడో రోజు పలక, ఉప్పు, దీపం సంచిలో పెట్టుకుని రైలెక్కి ప్రెల్ దగ్గరికి వెళ్ళాడు.

ప్రెల్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే కథ తేలిగ్గా ఉండేది. అంతా విని, తన పరికరం ముందు కూర్చున్నాడు. రేకుముక్క తీశాడు. ఉప్పు పెట్టాడు. చాలాసేపు కన్ను తీయలేదు.

"వట్టి శుద్ధజలంతో సరిచూసుకున్నాను మేస్త్రీ" అన్నాడు చివరికి. "గీత రాలేదు. అందుకే నమ్మాను."

"నీళ్ళలో ఉప్పు లేదు కదా డాక్టరుగారూ. మనిషి కాలేయంలో ఉంటుంది."

"పక్కన అసలు థాలియం పెట్టి కూడా చూశాను. గీత మీద గీత కూర్చుంది."

"చీలిక ఎంత వెడల్పు పెట్టారు?"

"వెలుగు చాల్లేదని... వెడల్పే పెట్టాను." ప్రెల్ చూపు చీలిక మీదికి పోయింది. "వెడల్పు పెడితే కవల గీతలు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి."

మిగిలిన బూడిదను సీసాలోంచి తీసి, వేరే దేశం నుంచి వచ్చిన పాత పలకతో ఆ సాయంత్రమే మళ్ళీ పరీక్షించాడు. పసుపు వచ్చింది. ఆకుపచ్చ ఊసే లేదు. చచ్చినవాడి ఒంట్లో విషం లేదు, శవపరీక్ష కాగితంలో రాసి ఉన్న కడుపు పుండు తప్ప ఇంకేమీ లేదు. ప్రెల్ అప్పటికప్పుడే న్యాయశాఖకు ఉత్తరం రాశాడు, తన తప్పు దాచకుండా, పలక నెంబరుతో సహా. జవాబు రెండు రోజుల్లో వచ్చింది. ముద్దాయి పదకొండో తారీకున జైలు పాదిరీ ముందు, అధికారి ముందు నేరం ఒప్పుకుంది. కనుక గీత ఉన్నా లేకున్నా తీర్పుకు వచ్చిన లోటేమీ లేదు. చివరన ఒక దయ: డాక్టరు కోరినట్టు మేస్త్రీ ఆమెను పది నిమిషాలు చూడవచ్చు.

పదకొండో తారీకు సెయింట్ మార్టిన్ పండుగ. ఊరంతా బాతులు కాల్చుకుంది. ఆ రోజు కోర్బికి గీత సంగతి తెలిసి తొమ్మిది రోజులైంది.

ఇరవై రెండో తారీకు మధ్యాహ్నం జైల్లో జెన్సిని చూశాడు. జుట్టు తెల్లబడింది. చేతులు మాత్రం అవే, సోడాకారానికి పగిలిన చేతులు. వార్డరు గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"గుడ్డలు ఎవరు ఉతుకుతున్నారు మేస్త్రీ?" అంది.

"మిల్లువాడి కోడలు."

"మూడు నీళ్ళకే పిండి ఆరేస్తుంది, తెలుసు నాకు. మరకలు పడుతున్నాయా?"

"పడుతున్నాయి" అన్నాడు కోర్బి. "జెన్సీ, ఎందుకు ఒప్పుకున్నావమ్మా? నువ్వు చేశావా?"

ఆమె ఒళ్ళోని చేతుల వైపు చూసుకుంది. "కావాలని చెయ్యలేదు. కానీ చేసే ఉంటాను. ఎలుకలకని రొట్టె ముక్కల మీద మందు రాసింది వంట కత్తితోనే. కడిగాననే అనుకున్నా. కోర్టులో డాక్టరు చెప్పాడు కదా, గీత ఉందని. ఆఫ్రా వచ్చి ఏడ్చింది, అమ్మా, వెలుగు అబద్ధం చెప్పదటే, దేవుడి దగ్గరైనా నిజం చెప్పు అంది. రాత్రింబవళ్ళు ఆలోచించా. నీ గుడ్డలు ఏడు నీళ్ళు జాడించేదాన్ని, ఇంటి కత్తి కడగడం మరిచానేమో. ఆ మనిషి రెండు నెలలు దాంతో కోసిన రొట్టే తిన్నాడు. అట్లా మోస్తూ ఉండలేక ఒప్పేసుకున్నా."

కోర్బి సంచి విప్పాడు. బల్ల మీద పెట్టె పెట్టాడు. వార్డరు దీపం తనే వెలిగించాడు, నిబంధన అది. గిన్నెలో ఆమె తాగకుండా వదిలేసిన సూపు ఉంది. తీగె అందులోనే ముంచాడు.

"ఇటు కన్ను పెట్టి చూడు. ఏం కనిపిస్తోంది?"

"పసుపు. అబ్బ, ఎంత మంట!" కన్ను కొంచెం పక్కకు జరిపింది. "అవతల... ఆకుపచ్చ ఒకటి సన్నగా." ఉలిక్కిపడి తల తీసింది. "నా సూపులో మందు కలిపారా?"

"మందు లేదు జెన్సీ. ఉప్పు. ఉత్త ఉప్పు. మన ఊరేగింపులో పదకొండు మంది అడుగు కలిపి నడుస్తున్నారనుకో, ఒకడు కుంటుతాడు. వీధి చివర నిలబడ్డవాడికి ఆ కుంటి అడుగు వేరే చప్పుడుగా వినిపిస్తుంది. ఎవరో పన్నెండోవాడు వస్తున్నాడనుకుంటాడు. లేడు. అంతా వాళ్ళే. నా పలకలో పదకొండో గీత కుంటిది. తప్పు నాది. నీ మొగుడి ఒంట్లో మందు లేదు. డాక్టరు మళ్ళీ చూశాడు. కడుపులో పుండుతో పోయాడు."

ఆమె మళ్ళీ కన్ను పెట్టింది. "ఇంకొంచెం ముంచు మేస్త్రీ" అంది. ముంచాడు. "ఇంకోసారి." మూడుసార్లు చూసింది. తర్వాత నిటారుగా కూర్చుంది. ఆమె ముఖం మీద ఇరవై ఏళ్ళ కిందటి వేళాకోళపు వెలుగు ఒక్క క్షణం వచ్చి వెళ్ళింది.

"అయితే కత్తి కడిగాను" అంది.

"కడిగావు."

"కడిగాననే అనుకున్నా నేను."

వార్డరు గడియారం చూశాడు. జెన్సి అడిగింది, మామూలు గొంతుతో: "ఇది నీకెప్పుడు తెలిసింది మేస్త్రీ?"

దారంతా కోర్బి భయపడుతూ వచ్చింది ఈ ప్రశ్నకే. నిన్ననే అనవచ్చు. ఎవరు కాదంటారు? కానీ ఆ చేతుల ముందు అబద్ధం రాలేదు. "ఇరవై రోజులైంది" అన్నాడు.

ఆమె వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. తను ఒప్పుకున్న రోజు దగ్గర వేలు ఆగింది. తిట్టి ఉంటే అతను బతికిపోయేవాడు. ఆమె తిట్టలేదు.

"ఆఫ్రాకి చూపించు ఇది" అంది లేస్తూ. "నేను ఒప్పుకున్నానని అది జీవితమంతా మోస్తుంది. నా మాట నమ్మదు. దానికి చూపించు."

ఒప్పుకోలు వెనక్కి తీసుకుంటున్నానని ఆమె చెప్పింది. చావు దగ్గరపడ్డాక అందరూ చెప్పే మాటే అని రాసుకున్నారు. ప్రెల్ రెండు ఉత్తరాలు రాశాడు, మంత్రి గుమ్మం దాకా వెళ్ళాడు. క్షమాభిక్ష నిరాకరించారు. ఇరవై తొమ్మిదో తారీకు పొద్దున్న ఆరింటికి శిక్ష అమలైంది. యజమాని లెక్క తప్పింది: ఆ రోజుల్లో కూడా ఆడదాని మెడ కోసేవాళ్ళు ఉన్నారు.

ఆదివారం ప్రార్థన ముగిశాక కోర్బి ఆఫ్రా ఇంటి తలుపు తట్టాడు. పందొమ్మిదేళ్ళ పిల్ల, నల్ల గౌనులో ఉంది. పెట్టె చూసి తలుపు మూయబోయింది.

"మీ అమ్మ పంపింది" అన్నాడు కోర్బి.

లోపలికి రానిచ్చింది. వంటింటి బల్ల మీద దీపం వెలిగించి, అంతా చెప్పి, ఉప్పు పొట్లం విప్పాడు. ఆఫ్రా చెయ్యి అడ్డం పెట్టింది. "మీ ఉప్పు వద్దు. అందులో ఏం కలిపారో ఎవరికి తెలుసు?" అంటూ తన జాడీ తెచ్చింది. ఆకుపచ్చ గీత వచ్చింది. రొట్టె నానిన నీళ్ళు పెట్టింది. వచ్చింది. మాంసం కుండలో ముంచింది. వచ్చింది. తీగె కడిగి బూడిద నీళ్ళు, పాలు, ఊరగాయ రసం, చేతికందిందల్లా పెట్టి చూసింది. ఆ పలక లెక్కన ఆ ఇంట్లో విషం లేని వస్తువు ఒక్కటీ లేదు.

ఆఫ్రా ఆగింది. తీగె కడిగి, తుడిచి, మెల్లగా తన నోట్లో పెట్టుకుంది. తీసి మంటలో ఉంచి కన్ను పెట్టి చూసింది.

"ఉంది" అంది. "అమ్మ మీద ఒట్టేసి చెప్పింది ఈ నాలుకే."

కోర్బి ఉప్పు పొట్లం మడిచాడు. "నీకు తెలియదు కదమ్మా. నేను... నాకు తెలిసి కూడా పదహారు రోజులు..." అని ఆగిపోయాడు.

ఆ పిల్ల అతని వైపు తిరిగింది. జైలు నుంచి వచ్చిన కాగితం అలమర మీదే ఉంది, తల్లి ఒప్పుకున్న తారీకుతో సహా. దాని వైపు ఒకసారి చూసింది. తీగెను శుభ్రంగా కడిగింది, ఒకటి కాదు, రెండు కాదు, ఏడుసార్లు. తుడిచి అతని చేతికిచ్చింది.

"ఇప్పుడు మీరు" అంది.

కోర్బి తీగె నోట్లో పెట్టుకున్నాడు. తీసి మంటలో పట్టుకున్నాడు. ఆఫ్రా పెట్టె మీదికి వంగి కన్ను పెట్టింది.

"కనిపిస్తోంది" అంది. "చెయ్యి దించకండి మేస్త్రీ. ఇంకాసేపు చూడాలి."